రెండొందల ఇరవైలోంచి

రెండొందల ఇరవైలోంచి నీ వయసు తీసెయ్యి,
మిగిలిందే నీ గుండె గరిష్ఠం
అన్న్యాడు దస్తగిరి సారు,
యూనివర్సిటీ గ్రౌండులో, ఇంకా తెల్లారకుండానే,
బూటు లేసు కట్టుకుంటా.

తీసివేత నాకు కొత్త గాదు.
ఇరవై ఆరేళ్ళుగా చిత్తూరు బస్సులో
ఐదొందల నోట్లోంచి ఛార్జీ తీసి
మిగతాది టికెట్టు వెనక రాసిచ్చేదాన్ని.
తిరకాసంతా ఇక్కడే:
దేంట్లోంచి తీసెయ్యాల్నో తెలుసు,
ఎంత తీసెయ్యాల్నో తెలీదు.

సర్టిఫికెట్టులో నేను పుట్టింది జూన్ ఒకటి.
మా తరగతిలో పద్దెనిమిది మందిమి
ఆ పొద్దే పుట్టినాము, అయ్యవారి చేతిరాతలో.
ఆ లెక్కన యాభై. అంటే నూట డెబ్బై.

మాయమ్మను అడిగితే
"గానుగాడే నాళ్ళు. మీ నాయన పెనం కాడుండాడు.
కబురంపితే, పాకమొచ్చే యాళ ఎట్ల వొచ్చేది అన్న్యాడంట.
నాలుగు పెనాలు దించినాకనే నీ మొగం చూసింది."
ఏ యేడు మా?
"ఎర్రావు చచ్చిపోయిన యేడు."
ఎర్రావు ఎప్పుడు చచ్చిపోయింది?
"నువ్వు పుట్టిన యేడు."

చిన్నత్త వేళ్ళు మడిచి మడిచి యాభైమూడంటాది.
సారు కాడ ఇంకో సూత్రముండాది:
వయసులో పదింట ఏడొంతులు కట్టి
రెండొందల ఎనిమిదిలోంచి తియ్యాలంట.
దానికీ వయసే కావాల.

ఏడాది పాటు నూట పంతొమ్మిదికి కట్టుబడినాను.
నూట డెబ్బైలో డెబ్బై శాతం, తేలిక పరుగు గీత.
నాలుగడుగులు ఉరికితే చాలు
చేతి గడియారం కుయ్యిమనేది.
నడిచేదాన్ని.
చీర మీద స్వెట్టరేసుకున్న పెద్దమ్మలు
నన్ను దాటిపోయేవాళ్ళు, బాగుండావా అని పలకరించి మరీ.

పూతలపట్టు కాడ టీ తాగతా
డ్రైవరు దొరసామికి చెప్పుకున్న్యా.
ఆయప్ప నవ్వినాడు.
"మన బండి మీటర్లో నూట ఇరవై రాసుండాది.
ఎప్పుడన్నా డెబ్బై దాటిందా?
అంకె కంపినీది మే. ఇంజిను గొంతు విను."

డాక్టరమ్మ ఎదకు వైర్లు అతికించి,
కదిలే పట్టా మీద ఉరికించి, పో అన్నాక,
ఒక ఆదివారం, అలిపిరి కింద ఎత్తు రోడ్డు.
మూడు నిమిషాలు ఎక్కు. దిగు. మళ్ళా ఎక్కు.
పట్టీ తడిపి ఎద చుట్టూ కట్టుకున్న్యా.
మొదటి ఎక్కుడుకే నూట డెబ్బై నాలుగు.
అయ్యవారి చేతిరాత వెనకబడిపోయింది.
రెండో దానికి నూట ఎనభై ఒకటి.

మూడో దాంట్లో రోడ్డు లేదు, సారు లేడు.
కొండ మీద ఘాటు దీపాలు రెండు వరసలైనాయి.
నాలిక మీద రాగిపైసా రుచి,
చెవుల్లో గానుగ.

పాకం కుదిరిందో లేదో గడియారం చూసి చెప్పరు.
మా నాయన చన్నీళ్ళ చెంబులో ఒక చుక్క వేసి,
వేళ్ళతో ఉండ చేసి,
చెంబుకేసి కొడితే టంగుమనాల.
అప్పుడు, దించండ్రా అని ఒకటే అరుపు.
ఆ అరుపు ఒక ఊపిరి ఆలస్యమైతే బెల్లం నల్లబడుతుంది.
నేను పుట్టిన కబురుకన్నా ఆ ఊపిరి ముఖ్యమని
ఆ ఎత్తు రోడ్డు మీదే నాకు అర్థమైంది.
కోపం పోలేదు. అర్థమైంది, అంతే.

టంగుమన్నింది.
నూట ఎనభై ఆరు.

రోడ్డు పక్కన రాతి మీద చేతులానించి కక్కుకుంటా ఉంటే
సారు నోటుబుక్కులో రాసుకుంటా అన్న్యాడు:
"ఇదీ ఖాయం గాదు, ఇంకో పొద్దు ఇంకో రెండు దొరకొచ్చు.
రేపట్నుంచి నీ గీత నూట ముప్పై."

సోమవారం గడియారం గమ్మున ఉండాది.
స్వెట్టరు పెద్దమ్మలను నేనే పలకరించినా.

రాత్రి సంగటి ముద్ద కలుపుతా
మాయమ్మకు చెప్పినా, నూట ఎనభై ఆరని.
"అంటే నీకిప్పుడు ఎన్నేళ్ళని?"
రెండొందల ఇరవైలోంచి తీసి చూసినా.
ముప్పై నాలుగు మా.

చెయ్యి ఆపేసింది.
"అదెట్లయితాదే,
మీ నాయన పొయ్యే ముప్పై ఎనిమిదేళ్ళాయ."